సీట్లు పెరిగాయి, ఆసుపత్రులు పెరిగాయా?

2023 సెప్టెంబరు 15. ఆ ఒక్క రోజే తెలుగు నేల మీద పద్నాలుగు ప్రభుత్వ వైద్య కళాశాలలు తలుపులు తెరిచాయి. తెలంగాణలో ఆసిఫాబాద్ నుంచి వికారాబాద్ దాకా తొమ్మిది. ఆంధ్రప్రదేశ్‌లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల కలిపి ఐదు. అంతకు పది నెలల ముందే, 2022 నవంబరు 15న, తెలంగాణలో ఎనిమిది కళాశాలలు ఒకేసారి మొదలయ్యాయి. 2024లో ములుగు, గద్వాల, నారాయణపేట, మెదక్, నర్సంపేట లాంటి చోట్ల మరో ఎనిమిది వచ్చాయి. ఆంధ్రలో ఏజెన్సీ నడిబొడ్డున ఉన్న పాడేరు కూడా ఆ ఏడే జాబితాలో చేరింది. రాష్ట్రం ఏర్పడ్డ నాడు తెలంగాణలో ఉన్న ప్రభుత్వ వైద్య కళాశాలలు ఐదు. పదేళ్లు తిరిగేసరికి అవి 34 అయ్యాయి. 850 ఎంబీబీఎస్ సీట్లు నాలుగు వేలు దాటాయి.

ఇంత వేగం మన వైద్య విద్య చరిత్రలో ఎన్నడూ లేదు. హైదరాబాద్‌లో 1846లో మొదలైన వైద్య పాఠశాల ఉస్మానియా వైద్య కళాశాలగా ఎదగడానికి దశాబ్దాలు పట్టింది. విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాల 1923లో, గుంటూరు వైద్య కళాశాల 1946లో వచ్చాయి. గాంధీ 1954లో, కాకినాడలో రంగరాయ 1958లో, వరంగల్‌లో కాకతీయ 1959లో, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర 1960లో వచ్చాయి. వీటిలో ఎక్కువ భాగం అప్పటికే రోగులతో కిటకిటలాడే పెద్దాసుపత్రుల చుట్టూ పెరిగినవే. విశాఖ కేజీహెచ్‌లో కాన్పులు, కాలిన గాయాలు, పాముకాట్లు, క్షయ రోగులు ఉన్నారు కాబట్టే అక్కడ చదివిన విద్యార్థికి చేయి తిరిగింది. ఈ కొత్త తరం కళాశాలల్లో ఆ క్రమం తలకిందులైంది. ముందు అనుమతి, ఆ వెంట భవనం, తర్వాత అధ్యాపకులు. అన్నిటికన్నా చివర ఆసుపత్రి.

అయినా ఈ విస్తరణను తేలిగ్గా కొట్టిపారేయడం అన్యాయం. ప్రభుత్వ సీటు దక్కని తెలుగు పిల్లలు ఎక్కడెక్కడికి వెళ్లారో గుర్తు చేసుకోవాలి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం వచ్చి పడ్డప్పుడు బంకర్లలో తలదాచుకున్న వారిలో మన జిల్లాల పిల్లలూ ఉన్నారు. జార్జియా, కిర్గిజ్‌స్థాన్, ఫిలిప్పీన్స్ దేశాలకు ఏటా విమానమెక్కేవారు ఇంకా ఉన్నారు. పొలం అమ్మి, బంగారం కుదువ పెట్టి పంపిన తల్లిదండ్రులకు అసలు పరీక్ష పిల్లలు తిరిగొచ్చాకే మొదలవుతుంది. విదేశాల్లో చదివినవారు ఇక్కడ వైద్యం చేయాలంటే ఎఫ్ఎంజీఈ దాటాలి. ఆ పరీక్షలో ఇటీవలి ఉత్తీర్ణత ముప్పై శాతానికి చేరడమే కష్టంగా ఉంది. అలాంటి రోజుల్లో ఒక చేనేత కుటుంబపు అమ్మాయి ఏడాదికి కొన్ని వేల రూపాయల ఫీజుతో సిరిసిల్లలోనే ఎంబీబీఎస్ చదవగలగడం ఆ ఇంటికి తరతరాల మార్పు. ఈ మంచిని మొదటే ఒప్పుకోవాలి.

దేశమంతటా గాలి ఇటే వీస్తోంది. 2014లో దేశంలో 387 వైద్య కళాశాలలు, 51,348 ఎంబీబీఎస్ సీట్లు ఉండేవి. పదేళ్లలో కళాశాలలు 780కి, సీట్లు లక్షకు పైగా చేరాయి. వచ్చే ఐదేళ్లలో మరో 75,000 సీట్లు తెస్తామని 2024 స్వాతంత్ర్య దినోత్సవాన ప్రధాని ఎర్రకోట నుంచి ప్రకటించారు. జిల్లా ఆసుపత్రులను కళాశాలలుగా మార్చే కేంద్ర పథకం కింద 157 కళాశాలలు మంజూరైతే ఆంధ్రకు దక్కినవి పాడేరు, మచిలీపట్నం, పిడుగురాళ్ల. తెలంగాణకు ఒక్కటీ రాలేదు. అక్కడి కళాశాలల భారమంతా రాష్ట్ర ఖజానా మీదే పడింది. ఇది రాజకీయ వాగ్వాదంగా మిగిలిపోయింది గానీ, జీతాలకూ పరికరాలకూ ఏటా ఎంత కావాలన్న లెక్క ఆ వాదనలో వినిపించలేదు.

ఆంధ్రప్రదేశ్ కథ మరో దారి పట్టింది. గత ప్రభుత్వం సుమారు 8,480 కోట్ల రూపాయల అంచనాతో పదిహేడు కళాశాలలు తలపెట్టింది. మొదటి ఐదింటి నుంచే కొంత రాబడి రావాలని 2023 జులైలో జీవోలు ఇచ్చి, రాష్ట్ర కోటా సీట్లలో సగమే సాధారణ ఫీజుకు ఉంచింది. 35 శాతం సీట్లకు ఏడాదికి 12 లక్షలు, ప్రవాస భారతీయుల కోటా కింద 15 శాతం సీట్లకు 20 లక్షలు ఫీజు పెట్టింది. ప్రభుత్వ కళాశాలలో ఇదేం ధర అని నాడు విద్యార్థి సంఘాలు వీధికెక్కాయి. ప్రభుత్వం మారింది. 2024లో పులివెందులకు 50 సీట్ల అనుమతి వస్తే, సౌకర్యాలు సిద్ధంగా లేవంటూ కొత్త ప్రభుత్వం దాన్ని వదులుకుంది. 2025 సెప్టెంబరులో ఆదోని, మదనపల్లె, మార్కాపురం, పులివెందులతో పాటు మొత్తం పది కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టాలని మంత్రివర్గం తీర్మానించింది. దానిమీద ప్రతిపక్షం కోటి సంతకాల ఉద్యమం నడిపింది. ప్రభుత్వ నిధులతోనే కట్టాలంటే ఏళ్లు పడుతుందని ఒక పక్షం అంటుంది. ప్రజల భూమిలో ప్రజల ఆసుపత్రిని ప్రైవేటు చేతికివ్వడమేమిటని మరో పక్షం నిలదీస్తుంది.

ఈ చర్చకు చరిత్రలో రెండువైపులా సాక్ష్యాలున్నాయి. హైదరాబాద్‌లో గాంధీ వైద్య కళాశాల ప్రజల చొరవతో మొదలై ప్రభుత్వం చేతికి వచ్చింది. విజయవాడ సిద్ధార్థ 1980లో ప్రైవేటు కళాశాలగా పుట్టి తర్వాత సర్కారుదైంది. ఎదురు దిశలో చిత్తూరు ఉంది. అక్కడి జిల్లా ప్రభుత్వాసుపత్రిని ఆధారం చేసుకుని అపోలో సంస్థ కళాశాల నడుపుతోంది. గుజరాత్‌లో భుజ్ ప్రభుత్వాసుపత్రి అదానీ సంస్థ నిర్వహణలో ఉంది. ఏ పద్ధతిలోనైనా రోగి ఓపీ చీటీ దగ్గర, మందుల కిటికీ దగ్గర, సర్జరీ బల్ల దగ్గర జేబు తడుముకోవలసి వస్తుందా లేదా అన్నదే గీటురాయి. ఒప్పంద పత్రంలో పడకల సంఖ్య రాసి, ఉచితంగా అందే సేవల జాబితా రాయకపోతే ఆ ఒప్పందం జిల్లాకు చేసే మేలు తక్కువ. ఆ జాబితా టెండరుకు ముందే జనం ముందుకు రావాలి.

అసలు చిక్కు అధ్యాపకుల దగ్గరుంది. 2025 జూన్‌లో జాతీయ వైద్య కమిషన్ తెలంగాణలోని 34 ప్రభుత్వ కళాశాలల్లో 26 కళాశాలల లోపాలను ఎత్తిచూపి, రాష్ట్ర ఉన్నతాధికారులను ఢిల్లీకి పిలిపించి వివరణ అడిగింది. ఆ లోపాల్లో ముందున్నది బోధన సిబ్బంది కొరత. 2023 మే నెలలో 1,061 మంది అసిస్టెంట్ ప్రొఫెసర్లకు ఒకేసారి నియామక పత్రాలు ఇచ్చాక కూడా పరిస్థితి ఇది. 2025లో మరో 607 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను పరీక్ష పెట్టి తీసుకోవచ్చు. ప్రొఫెసర్ మాత్రం ఏళ్ల తరబడి బోధించి, పదోన్నతుల మెట్లెక్కి తయారు కావాలి. కొన్నేళ్ల కిందట ఎనిమిదో తొమ్మిదో కళాశాలలకు సరిపడా తయారైన ప్రొఫెసర్లను ఈనాడు ముప్పైనాలుగు కళాశాలలకు పంచితే ఏ విభాగానికీ పెద్దదిక్కు మిగలదు.

ఒకప్పుడు ఈ లోటును డిప్యుటేషన్లతో కప్పిపుచ్చేవారు. తనిఖీ బృందం వస్తుందనగానే పాత కళాశాలల నుంచి ప్రొఫెసర్లు కార్లలో దిగేవారు, బృందం వెళ్లగానే వారూ వెళ్లేవారు. ఆధార్ ఆధారిత హాజరు, 2025 నుంచి ముఖ గుర్తింపు హాజరు వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. అధ్యాపకుడు పని రోజుల్లో 75 శాతం కళాశాలలో కనబడాలి. ప్రైవేటు కళాశాలల్లో జరిగే మోసాలు ఇంకా లోతైనవి. తనిఖీ వివరాలు ముందే లీక్ చేసి లంచాలు పుచ్చుకునే ముఠాపై 2025లో సీబీఐ పెట్టిన కేసు దేశాన్ని కుదిపింది.

డాక్టర్లు జిల్లాలకు ఎందుకు వెళ్లరన్న ప్రశ్నకు వారి సేవాభావాన్ని తప్పుపట్టడం తేలికైన జవాబు. నలభై దాటిన ఒక సర్జన్ భూపాలపల్లికో పాడేరుకో బదిలీ అయితే క్వార్టర్ ఉండదు, పిల్లలకు బడి వెతుక్కోవాలి, భార్యో భర్తో వేరే ఊళ్లో ఉద్యోగం. ఇవన్నీ భరించి వెళ్లినా అక్కడ మత్తు డాక్టర్ లేకపోతే ఆ సర్జన్ చేతులు కట్టుకుని కూర్చోవాలి. నేర్చిన విద్య చేతిలో తుప్పుపడుతుందన్న భయం జీతం లెక్క కన్నా పెద్దది. కాబట్టి ఒక్కొక్కరిని కాకుండా సర్జన్, అనస్థటిస్ట్, గైనకాలజిస్ట్, పిల్లల వైద్యుడు అనే జట్టును ఒకేసారి ఒకే ఊరికి వేయాలి. క్వార్టర్లు కళాశాల భవనం కన్నా ముందు లేవాలి. ఏజెన్సీకి, మారుమూల జిల్లాలకు వెళ్లినవారికి ప్రత్యేక భత్యం, పదోన్నతిలో ప్రాధాన్యం రాతపూర్వకంగా ఇవ్వాలి. 2025లో జాతీయ వైద్య కమిషన్ నిబంధనలు సడలించి, బోధనేతర ప్రభుత్వాసుపత్రుల్లో పదేళ్లు పనిచేసిన స్పెషలిస్టులకు అసోసియేట్ ప్రొఫెసర్ అర్హత కల్పించింది. ఏళ్లుగా వైద్య విధాన పరిషత్ ఆసుపత్రుల్లో వేల కేసులు చూసినవారికి ఇది న్యాయమే. అయితే సర్జరీ చేయడం ఒక నేర్పు, చేయడం నేర్పడం వేరొక నేర్పు. వారికి బోధనా శిక్షణ ఇవ్వకుండా హోదా మార్చితే కాగితం మీద ఖాళీ నిండుతుంది, తరగతి గదిలో నిండదు.

మరి ఆసుపత్రి? 2023 నాటి కనీస ప్రమాణాల ప్రకారం 50 సీట్లకు 220 పడకలు, 100 సీట్లకు 420, 150 సీట్లకు 605 పడకలు ఉండాలి. ఊరి నడుమ ఉన్న పాత జిల్లా ఆసుపత్రికి రేకుల షెడ్డో కొత్త అంతస్తో జోడించి ఆ అంకెను అందుకోవచ్చు. కానీ పడకలు సగటున 80 శాతం నిండి ఉండాలన్నది కూడా నిబంధనే. అవి నిండాలంటే జిల్లా జనం ఆ ఆసుపత్రిని నమ్మాలి.

ఆ నమ్మకం రాత్రిపూట తేలుతుంది. నెలలు నిండిన గర్భిణికి రాత్రి పదకొండింటికి రక్తస్రావం మొదలైందనుకుందాం. 108 వాహనం నలభై నిమిషాల్లో జిల్లా ఆసుపత్రికి చేర్చింది. డ్యూటీలో గైనకాలజిస్ట్ ఉన్నా సరిపోదు. మత్తు డాక్టర్ ఆసుపత్రి ఆవరణలోనే ఉండాలి. రక్తనిధిలో ఆమె గ్రూపు రక్తం ఉండాలి, దాన్ని సరిచూసి ఇచ్చే టెక్నీషియన్ మేలుకుని ఉండాలి. పుట్టిన బిడ్డ ఊపిరి తీసుకోకపోతే అందుకునే నవజాత శిశు విభాగం పక్కనే ఉండాలి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా కేస్ షీట్ మీద రాసేది ఒకటే మాట: హైదరాబాద్‌కు రిఫర్. ఆ మాట రాయగానే తల్లితోపాటు, ఆ రాత్రి అక్కడ నిలబడి నేర్చుకోవలసిన విద్యార్థి కూడా నష్టపోతారు. బోధనాసుపత్రిగా మారిన తర్వాత నెలకు ఎంతమందిని రిఫర్ చేస్తున్నారు, అంతకు ముందు ఎంతమందిని చేసేవారు? ఒక కళాశాల ఏడాది ప్రగతికి ఇంతకన్నా నిక్కమైన కొలత దొరకదు.

రాత్రుళ్లు వార్డును నిజంగా నడిపేది పీజీలు, సీనియర్ రెసిడెంట్లు. ఉస్మానియా, గాంధీ, కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్‌లు అర్ధరాత్రి కూడా పనిచేస్తున్నాయంటే అక్కడి జూనియర్ డాక్టర్ల వల్లే. ఎంబీబీఎస్ సీట్లు మాత్రమే ఉన్న జిల్లా కళాశాలలో ఆ దన్ను ఉండదు. అందుకే రాబోయే ఐదేళ్ల ప్రణాళికలో కొత్త ఎంబీబీఎస్ సీట్ల కన్నా మెడిసిన్, సర్జరీ, గైనిక్, పీడియాట్రిక్స్, అనస్థీషియా పీజీ సీట్లకు పెద్దపీట వేయాలి. వైద్య కమిషన్ తెచ్చిన జిల్లా రెసిడెన్సీ విధానం పీజీలను మూడు నెలలు జిల్లా ఆసుపత్రులకు పంపుతోంది. అది మంచి ఆరంభమే, కానీ మూడు నెలల అతిథులతో సంవత్సరమంతా ఆసుపత్రి నడవదు.

డిసెక్షన్ హాల్ గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. అనాటమీ నేర్చుకునే మొదటి ఏడాది పిల్లలకు మృతదేహమే మొదటి గురువు. కళాశాలలు ఒక్కసారిగా పెరిగాక ఆ గురువుల కొరత కూడా పెరిగింది. ఇక్కడ ప్రభుత్వం కన్నా సమాజం చేయగలిగింది ఎక్కువ. 2024లో సీపీఎం నేత సీతారాం ఏచూరి భౌతికకాయాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు, ఆ మరుసటి నెలలోనే ప్రొఫెసర్ జి.ఎన్.సాయిబాబా దేహాన్ని గాంధీ వైద్య కళాశాలకు కుటుంబ సభ్యులు అప్పగించారు. ఎరిగిన పేర్ల వెంట ఊళ్లలో పేరు తెలియని ఎందరో దేహదాన పత్రాలు రాస్తున్నారు. వారికి తగిన గౌరవం ఇవ్వడం, దేహాన్ని తీసుకోవడానికి వాహనం సకాలంలో పంపడం ప్రతి కళాశాల బాధ్యత.

ఎదుగుదల అంటే సంఖ్యే కాదని చెప్పే ఉదాహరణ మన పొరుగునే ఉంది. వెల్లూరులో 1900లో ఐడా స్కడర్ ఒకే మంచంతో మొదలుపెట్టిన వైద్యశాలే ఇప్పుడు రెండు వేలకు పైగా పడకల సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి. ఎంబీబీఎస్ సీట్లు మాత్రం వందే. చిత్తూరు, కడప, అనంతపురం జిల్లాల నుంచి రోగులు ఇంకా వెల్లూరు రైలెక్కుతున్నది ఆ వంద మందికి నేర్పే తీరు వల్ల ఏర్పడ్డ నమ్మకంతోనే. అమెరికా అనుభవం ఇంకా పదునైనది. 1910లో అబ్రహం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాల్లోని 155 వైద్య పాఠశాలలు తిరిగి చూసి, ప్రయోగశాలలు, ఆసుపత్రి లేనివాటిని మూసేయాలని రాశాడు. పాతికేళ్లలో అమెరికాలో మిగిలినవి 66. విద్య ప్రమాణం పెరిగింది. అయితే నల్లజాతి విద్యార్థులకు ఉన్న ఏడు పాఠశాలల్లో ఐదు మూతపడి, ఆ సమాజానికి డాక్టర్లు కరువయ్యారు. ఈ రెండో సంగతి మనకు ముఖ్యం. ప్రమాణాలు లేవని ములుగు, పాడేరు, ఆసిఫాబాద్ కళాశాలలను మూసేస్తే నష్టపోయేది అక్కడి ఆదివాసులే. వాటిని మూయకుండా నిలబెట్టి బలపరచడమే మన ముందున్న పని.

అలా బలపడ్డ జిల్లా కళాశాల తన నేల జబ్బును తానే చదవగలదు. 1937లో ఫ్లోరోసిస్‌ను మన దేశంలో తొలిసారి గుర్తించింది నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. నల్లగొండ ఫ్లోరోసిస్‌ను 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు ఎక్కించింది హైదరాబాద్ వైద్యుడు. పాడేరు, ఆదిలాబాద్ అడవుల్లో సికిల్ సెల్ రక్తహీనత ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయన్నది ఇంకా పూర్తిగా తేలని ప్రశ్న. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. శ్రీకాకుళం వైద్య కళాశాల పిల్లలు ఆ పల్లెల్లో చేసే సర్వేలు దానికి ప్రాణం పోయగలవు. ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థి కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, చదువు ముగిసేదాకా వారి ఆరోగ్యం కనిపెట్టి ఉండాలన్న కార్యక్రమం ఇప్పుడు పాఠ్యప్రణాళికలో ఉంది. చాలాచోట్ల అది ఫొటోలు దిగి బస్సెక్కే విహారంగా మారుతోంది. అదే ఇంటికి ఏడాది పొడవునా వెళ్లి, ఆ ఇంటి అవ్వ బీపీ, కోడలి రక్తశాతం, పిల్లాడి బరువు నోట్‌బుక్‌లో రాసిన విద్యార్థికి కమ్యూనిటీ మెడిసిన్ పుస్తకం వేరేగా చదవాల్సిన పని తక్కువ.

పాత కళాశాలలకూ భవిష్యత్ ప్రణాళికలున్నాయి. మూసీ ఒడ్డున శిథిలమైన ఉస్మానియా ఆసుపత్రికి బదులు గోషామహల్‌లో రెండు వేల పడకల కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. వరంగల్‌లో పాత కేంద్ర కారాగారం స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రి లేస్తోంది. గుంటూరులో అమెరికాలో స్థిరపడ్డ పూర్వ విద్యార్థులు తల్లీబిడ్డల ఆసుపత్రికి విరాళాలు కూడగట్టారు. వారిలో ఒక వైద్యురాలు తన కష్టార్జితం సుమారు ఇరవై కోట్ల రూపాయలు రాసిచ్చారు. కొత్త కళాశాలలకు ఇంకా పూర్వ విద్యార్థులే లేరు. అందుకే వాటికి తొలి దశాబ్దంలో ప్రభుత్వమే తల్లీ తండ్రీ.

2022లో చేరిన తొలి బ్యాచ్ పిల్లలు 2027లో హౌస్‌సర్జన్లుగా వార్డుల్లోకి వస్తారు, 2028లో పట్టాలతో బయటికి వస్తారు. అంటే మంచిర్యాల, మహబూబాబాద్ కళాశాలలు తమను తాము చక్కదిద్దుకోవడానికి మిగిలిన గడువు చాలా కొద్ది. ప్రతి కళాశాలా వైద్య కమిషన్‌కు ఏటా ఒక ప్రకటన పత్రం సమర్పిస్తోంది. అది ఢిల్లీ కోసం రాసే పత్రం. జిల్లా ప్రజల కోసం రాసేది ఇంకొకటి కావాలి. ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎంతమంది పనిలో ఉన్నారు. రోజూ ఎన్ని ఓపీలు, ఎన్ని పడకలు నిండాయి. ఎన్ని కాన్పులు, రాత్రిపూట ఎన్ని అత్యవసర సర్జరీలు జరిగాయి. ఎంతమందిని వేరే ఊరికి రిఫర్ చేశారు, ఎందుకు చేశారు. వచ్చే ఏడాది ఏం చేస్తారు, దానికి డబ్బు ఎక్కడిది. రెండు పేజీలు చాలు. వచ్చే కౌన్సెలింగ్ మొదలయ్యేలోగా ఈ నివేదికను ప్రతి ప్రభుత్వ వైద్య కళాశాల తెలుగులో ప్రచురించాలి, ఓపీ గుమ్మం పక్కన గోడకు అంటించాలి. ఎమ్మెల్యేలు, జిల్లా పరిషత్ సభ్యులు, విద్యార్థి సంఘాలు, పత్రికలు తమ జిల్లా కళాశాల నుంచి దాన్ని ఇప్పుడే అడగాలి.